రంగు కింద గోరు

సత్యవాణి ఇంటి పై వాటాలో నేను ఐదేళ్ళుగా అద్దెకు ఉంటున్నాను. ఆమె కాళ్ళ గోళ్ళు రంగు లేకుండా ఉండగా మొన్నటి చైత్రం దాకా ఒక్కసారి కూడా చూడలేదు. జ్వరం వచ్చి దుప్పటి ముసుగేసిన రోజున కూడా దుప్పటి కింద నుంచి మెరూన్ గోళ్ళు కనబడేవి. లేత గులాబీ, తేనె రంగు లాంటివి ఆమె ముట్టదు. కింద ఏముందో బయటికి తెలియనివ్వని ముదురు రంగే వేస్తుంది. పోనీ, మనిషి సరదా అనుకున్నాను. హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా సోషల్ చెబుతున్నాను కదా, ముఖం చూసి మనిషిని చదివేస్తాననే పొగరు నాకు కాస్త ఉంది.

మా కాలనీ భీమవరం నుంచి ఉండి ఊరికి వెళ్ళే రోడ్డు పక్కన. సత్యవాణి పద్దెనిమిదో ఏట రొయ్యల ప్లాంటులో చేరింది. తలలు తీయడం, పొట్టు ఒలవడం, అంతా నిలబడి చేసే పని. పొద్దున ఏడింటికి గమ్‌బూట్లలో కాళ్ళు దూరిస్తే మళ్ళీ సాయంత్రమే తీయడం. బూట్లు ప్లాంటువి. ఏ జత చేతికి దొరికితే ఆ జత తొడుక్కోవాలి. నిన్న ఎవరి కాలో నానిన తడి ఇవాళ్టికి ఆరదు. ఏడాది తిరిగేసరికి ఆమె కుడికాలి బొటనవేలి గోరు ఓ మూల పచ్చబడి, మందంగా లేచింది. పక్క అమ్మాయిలు నవ్వి, దానికి మందు తామే చెప్పారు. చేతిగోళ్ళకు రంగు వేస్తే ప్లాంటులో లోపలికి రానివ్వరు, బూట్లలో ఉన్న కాళ్ళను ఎవరు చూస్తారు, వేసెయ్ అన్నారు. అప్పుడు మొదలైన మెరూన్ అది. పెళ్ళయింది, భర్త జయపాల్ ఐసు వ్యాను నడుపుతాడు, ప్లాంటు పని మానేసింది. రంగు మానలేదు.

తర్వాత మూడు నెలలు బ్యుటీషియన్ కోర్సు నేర్చుకుని వీధి గదిలో పార్లర్ పెట్టింది. మనిషికి పని మీద ప్రాణం. మడమల పగుళ్ళు ఆమె చేతిలో పడితే పసిపిల్ల మడమల్లా తయారయ్యేవి. రెండు మూడు వారాలకోసారి కాలనీ ఆడవాళ్ళందరం ఆ గదిలో వరసగా కూర్చుని కాళ్ళు టబ్బులో పెట్టేవాళ్ళం. ఆ పార్లర్‌కి ఒక నియమం ఉండేది. పాత రంగు తీసిన ఐదు నిమిషాల్లో కొత్త రంగు పడాలి. "బోసి గోళ్ళతో నా గుమ్మం దిగితే నాకు పరువు తక్కువండి" అనేది. దాంతో మా గోళ్ళ అసలు రంగేమిటో మాకే తెలియకుండా పోయింది. ఎప్పుడైనా ఓ క్షణం పచ్చగా కనిపించినా, శుక్రవారం శుక్రవారం కాళ్ళకు పసుపు రాసుకునేవాళ్ళం కదా, పసుపు పట్టిందనుకునేవాళ్ళం. అందరివీ ఒకే కట్టర్‌తో కత్తిరించేది, ఒకే ఆకురాయితో అరగదీసేది. ఆ కట్టర్ మంచి కంపెనీదని అందరికీ గొప్పగా చూపించేది కూడా.

ఇక సీతారామరాజు గారి ఇంటి సంగతి. రొయ్యల చెరువులూ, మేత వ్యాపారమూ ఉన్న ఇల్లు. ఆయన కూతురు శ్రీసత్య ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ సత్యవాణి పార్లర్‌కి వచ్చేది. వాళ్ళ మామ్మ రత్నమాణిక్యం గారికి మాత్రం సత్యవాణే ఇంటికి వెళ్ళి గోళ్ళు తీసేది. ఆవిడకి ముప్ఫై ఏళ్ళుగా షుగరు. మూడేళ్ళ కిందట ఎడమకాలి చిటికెనవేలికి చిన్న పుండు పడి, మానక, చివరికి ఆ వేలు తీసేశారు. అప్పటి నుంచి ఆవిడ కాళ్ళు ఆ ఇంట్లో దేవుడి గది తర్వాత అంత జాగ్రత్తగా చూసుకునేవి.

శ్రీసత్య పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని చేసే రోజున సత్యవాణిని పిలిచారు. స్కూలుకి సెలవు కాబట్టి, శ్రీసత్యకి నేను పాఠం చెప్పినదాన్ని కాబట్టి నేనూ వెళ్ళాను. పొద్దున పదింపావుకి గోళ్ళు తీసే ముహూర్తం. ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. మంగలి చిట్టియ్య ముందు పెళ్ళికూతురి కాలిగోళ్ళు తీస్తాడు. తర్వాత అదే కత్తితో ఇంట్లో పెద్ద ముత్తైదువ కాలిగోళ్ళు తీస్తాడు. అలా చేస్తే ఇంటి కళ ఆడపిల్లతో పాటు వెళ్ళిపోకుండా ఇంట్లోనే నిలుస్తుందట. పెద్ద ముత్తైదువ అంటే రత్నమాణిక్యం గారే. గోళ్ళకు రంగు ఉండకూడదని ఆవిడ ముందే కబురు పెట్టారు.

తొమ్మిది గంటలకు మేడమీద గదిలో శ్రీసత్యని మంచం మీద కూర్చోబెట్టి సత్యవాణి దూదితో రంగు తుడవడం మొదలుపెట్టింది. నేను కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతున్నాను. నాలుగు వేళ్ళు అయ్యాయి. బొటనవేలి దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"పసుపే కదా అక్కా," అంది శ్రీసత్య ఫోను చూసుకుంటూనే. "పదిరోజుల్నించి మామ్మ రాస్తూనే ఉంది."

సత్యవాణి సబ్బు రాసి రుద్దింది. పోలేదు. రిమూవర్ మళ్ళీ వేసి రుద్దింది. పోలేదు. గోరు అంచు కింద పుల్లతో మెల్లగా గీస్తే తెల్లటి పొడి రాలింది. నేను లేచి వచ్చి చూశాను. గోరు సగం దాకా పచ్చగా, మందంగా, వేలి నుంచి కొంచెం లేచి ఉంది.

సత్యవాణి ఏమీ మాట్లాడలేదు. నేల మీద కూలబడి, తన కుడికాలు ముందుకు లాక్కుని, అదే దూదితో తన బొటనవేలి రంగు తుడిచింది. పద్దెనిమిదేళ్ళుగా కప్పి ఉంచిన గోరు అది. శ్రీసత్య గోరు ఏ మూల నుంచి పాడైందో అదీ ఆ మూల నుంచే పాడైంది. కాకపోతే ఇది మొత్తం పోయింది.

"పోయినేడు డాక్టరుకి చూపించుకున్నానండి," అంది నావైపు చూడకుండా. "ఫంగస్సన్నారు. మూడు నెలలు మాత్రలు వాడమన్నారు, రక్తపరీక్ష చేయించమన్నారు. కొన్నాళ్ళు రంగు మానెయ్యమన్నారు. నీ కట్టరు నీకే వేరే పెట్టుకో, ఇంకోళ్ళ కాలికి పెట్టకు అన్నారు. నెల వాడి మానేసేనండి. రంగేస్తే కనపడదు కదాని."

"కట్టర్?" అన్నాను.

"ఒకటేనండి."

శ్రీసత్య ఫోను పక్కన పడేసింది. కాలు ముడుచుకుని వేలు చూసుకుంది. ముందు ఏడుపు, వెంటనే కోపం వచ్చాయి. "కింద పెళ్ళికొడుకు వాళ్ళమ్మగారూ వాళ్ళూ ఏడుగురు వచ్చేరు. ఇది చూస్తే ఏమనుకుంటారు? పుచ్చుగోళ్ళ పిల్లని అంటగట్టేరని జీవితమంతా అంటారు. అక్కా, ఎవరికీ చెప్పొద్దు. ప్లీజ్. పసుపు దట్టంగా పట్టించేస్తే తెలీదు."

"నీ సంగతి కాదమ్మా," అంది సత్యవాణి. "చిట్టియ్య కత్తి నీ తర్వాత మామ్మగారికి పెడతాడు."

షుగరున్న కాలికి ఆ కత్తి ఎక్కడైనా చిన్న గాటు పెడితే ఏమవుతుందో ఆ ఇంట్లో కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ నేనన్న మాట రాయకుండా దాటేయాలని చాలాసార్లు అనిపించింది. కానీ అన్నాను కాబట్టి రాస్తున్నాను. "పూసెయ్ వాణీ," అన్నాను. "లేత రంగు ఒక పూత వేసి మీద పసుపు పెట్టు. కత్తి సంగతి ఏదో ఒక వంకతో ఆపుదాం. పెళ్ళయ్యాక తీరిగ్గా చెప్దువుగాని. పిల్ల పెళ్ళి, నీ పార్లరు, రెండూ ఒక్క పూటలో పోగొట్టుకుంటావా?"

ఆమె నా మాట కాదనలేదు. వంక వెతకడానికే కిందికి దిగింది, వెనకే నేనూ దిగాను. అయితే తన గోటికి మాత్రం మళ్ళీ రంగు వేసుకోలేదు. తొందరలో మరిచిపోయిందేమో అనుకున్నాను.

చిట్టియ్య వసారాలో కత్తి నూరుకుంటున్నాడు. "బాబాయ్, ఆ కత్తి ఓసారి సలసలా కాగే నీళ్ళలో వేద్దామా?" అంది. ఆయన తలెత్తి చూసి, "మా నాన్న చేతి కత్తే ఇది. మరిగే నీళ్ళలో వేస్తే పదును పోదూ? నలభై ఏళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ నన్నింత మాట అన్లేదు," అన్నాడు. రెండో కత్తి ఉందా అంటే ముఖం ఇంకా ముడుచుకుంది.

లోపలికి వెళ్ళింది. రత్నమాణిక్యం గారు హాల్లో పీట పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. చుట్టూ చుట్టాలు, మగపెళ్ళివారి వైపు ఆడవాళ్ళు, పళ్ళేలు, పూలు. "మామ్మగారండీ, ఒక్క నిమిషం పక్కకి వస్తారా," అంది సత్యవాణి వంగి. "ముహూర్తం పెట్టుకుని పక్కకేంటే? అయ్యాక చెబుదువుగాని," అన్నారావిడ. "పోనీ ముందు మీకు తీయించేసుకోండి. పెద్దవారు కదండీ." ఆవిడ నవ్వారు. "పెళ్ళికూతురి తర్వాతే నాకు. మా అత్తగారూ అంతే, వాళ్ళ అత్తగారూ అంతే."

గోడ మీద గడియారంలో పదీ పన్నెండయింది. ఎవరైనా ఏదైనా చేసి దీన్ని ఆపితే బాగుండుననుకున్నాను, ఆ ఎవరైనా నేను కాకపోతే ఇంకా బాగుండుననుకున్నాను.

శ్రీసత్య దిగి వచ్చి పీట మీద కూర్చుంది. కాళ్ళకు పసుపు తానే ముద్దలు ముద్దలుగా పట్టించుకుంది. బొటనవేలి మీద మరీ దట్టంగా ఉంది. చిట్టియ్య పాలు చిలకరించి మొదలుపెట్టాడు. మేళం మోగుతోంది. చిటికెనవేలు, దాని పక్కది, నడిమిది, అలా వచ్చి బొటనవేలి దగ్గర కత్తి తగలగానే గోరు పెళుసుగా విరిగి, పసుపులో కలిసిపోయిన పొడి పళ్ళెంలో రాలింది. చిట్టియ్య ఒక్క క్షణం వేలి వంక చూశాడు. పెళ్ళికూతురి కాలు గురించి ఏమంటాడు? కత్తిని పంచె అంచుకు తుడుచుకుని రత్నమాణిక్యం గారి కాళ్ళ దగ్గరికి జరిగాడు.

ఆవిడ ఎడమకాలు ముందుకు చాపారు. నాలుగు వేళ్ళ కాలు.

సత్యవాణి వెళ్ళి ఆ కాలికీ కత్తికీ మధ్య కూర్చుంది. నెట్టుకుని కూర్చుంది అనాలి. చిట్టియ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు, లేకపోతే ఆమె భుజం తెగేది.

"ఆ కత్తి మీకు పెట్టొద్దండి," అంది. గట్టిగానే అంది. మేళగాళ్ళు ఏం జరిగిందోనని ఆపేశారు.

"లే, వాణీ," అన్నారు సీతారామరాజు గారు గుమ్మంలోంచి. "ఏంటిది, శుభమా అని?"

"నా గోరు పాడైందండి రాజుగారండి." ఆమె నేలమీద కూర్చునే తన కుడికాలు అందరి ముందుకూ చాపింది. పెద్దవాళ్ళ ముందు కాళ్ళు చాపి ఎరగని మనిషి. "ఇదిగోండి, ఇది. జబ్బని డాక్టరు చెప్పినా దాచేను. నాకు వాడిన కట్టరే అందరికీ వాడేను. నా చేతి మీదుగానే పాపకి అంటింది. పాప తప్పేం లేదండి, పాపకి తెలీదు కూడాను. ఆ కత్తి ఇప్పుడు పాప గోరు మీంచి వచ్చింది. మామ్మగారి కాలికి తగలకూడదండి."

హాల్లో ఎవరూ కదల్లేదు. కదిలినవి కాళ్ళు మాత్రమే. నాకు బాగా గుర్తుంది, చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరుగా పాదాలు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కున్నారు. శ్రీసత్యకి కాబోయే అత్తగారూ లాక్కున్నారు. నేనూ లాక్కున్నాను. శ్రీసత్య సత్యవాణిని చూసిన చూపు మాత్రం నేను చెప్పలేను. ఆ పిల్లకి అంత ద్వేషం ఉంటుందని నాకు తెలియదు.

రత్నమాణిక్యం గారు మెల్లగా అడిగారు. "మొన్న పదిహేను రోజుల కిందట నా గోళ్ళు తీసింది నువ్వే కదే?"

"నేనేనండి."

"ఆ కట్టరుతోనేనా?"

"దాంతోనేనండి." "అందుకే ఇలా అందరిలో చెప్పేనండి. కత్తి ఒక్కటే అయితే ఏదో వంక పెట్టి ఆపేద్దును. కళ్ళు తిరిగినట్టు పడిపోదును. కానీ మీ కాలికి నేనప్పుడే పెట్టేసేను కదండీ. వంక పెడితే మీరు డాక్టరు దగ్గరికి ఎందుకెళ్తారు?"

మేడమీద ఆమె మౌనంగా ఉన్నంతసేపూ పార్లరు గురించి భయపడుతోందని నేననుకున్నాను. ఆమె లెక్కపెడుతున్నది రోజుల్ని.

ముసలావిడ కాలు వెనక్కి తీసుకుంటారనుకున్నాం. తీసుకోలేదు. ఇంకొంచెం ముందుకు చాపి, సత్యవాణి ఒళ్ళో పెట్టారు. "చూడు," అన్నారు. "నాకు కళ్ళూ కనపడవు, ఆ కాలికి స్పర్శా లేదు."

సత్యవాణి చేతులు తుడుచుకుని, వేళ్ళు విడదీసి చూసింది. ముహూర్తం దాటిపోతోందని ఎవరో వెనక గొణిగారు. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య చర్మం నాని తెల్లబడి ఉంది. మధ్యలో గోటిగాటంత పగులు, లోపల ఎర్రగా ఉంది. ఆవిడకి నొప్పే తెలియలేదు.

పది నిమిషాల్లో కారు తీశారు. గోరు ముక్క పరీక్షకి పంపి, పగులు శుభ్రం చేసి, మందులు మొదలుపెట్టి డాక్టరు గారు అన్నారట, ఇంకో వారం ఎవరూ చూడకపోయి ఉంటే తాను వేరే మాట చెప్పాల్సి వచ్చేదని. ఆ పగులు కట్టర్ వల్ల వచ్చిందా, పెళ్ళి హడావుడిలో కాళ్ళు తడి ఆరక వచ్చిందా అంటే, అది ఎవరూ చెప్పలేరని కూడా అన్నారట. సత్యవాణి ఆ రెండో మాటని ఎక్కడా వాడుకోలేదు. పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. శ్రీసత్యని అలంకరించడానికి టౌను నుంచి వేరే మనిషి వచ్చింది.

మర్నాటి నుంచి సత్యవాణి పార్లర్‌కి తాళం పెట్టి ఇళ్ళ వెంట తిరిగింది. ఎవరెవరి కాళ్ళు తన చేతిలో పడ్డాయో గుర్తుచేసుకుని పేర్లు రాసుకుంది. అరవై మూడు. బోసి గోళ్ళతో, చెప్పుల్లోంచి ఆ పాడైన వేలు కనబడుతుండగా ప్రతి గుమ్మంలోనూ నిలబడి అదే చెప్పింది. "రంగు తీసి చూసుకోండి. పసుపో కాదో సబ్బు పెట్టి చూడండి. పోకపోతే డాక్టరుకి చూపించండి, మీద మళ్ళీ రంగెయ్యకండి. బాగుంటే వేసుకోండి, కానీ నెలల తరబడి ఉంచకండి, వారానికో పదిరోజులకో తీసేసి కొన్నాళ్ళు వదిలెయ్యండి. కాళ్ళు కడిగితే వేళ్ళ సందులు కూడా తుడుచుకోండి. ఎవరి కట్టరు వాళ్ళదే. నాతో సహా ఎవరి చేతికీ ఇవ్వకండి." కొందరు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. కొందరు మొహం మీద తలుపేశారు. ఒకావిడ వీధిలోకి వచ్చి మరీ తిట్టింది. జయపాల్ ఇక చాలు మానెయ్ అన్నాడు. మానలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం నా మేడమెట్లు ఎక్కి వచ్చింది. ఎండకి ముఖం కమిలిపోయి ఉంది.

"మీరొక్కరే మిగిలేరండి, టీచర్‌గారండీ."

"నావి బాగానే ఉన్నాయిలే," అన్నాను.

"తీసి చూసేరాండి?"

తీయలేదు. అంతా నా కళ్ళ ముందే జరిగినా తొమ్మిది రోజులుగా నా కాళ్ళ మీద రంగు అలాగే ఉంది. తీరిక లేక కాదు. భయం. ఆమె నా జవాబు కోసం ఆగలేదు. గడప దగ్గర కూర్చుని, సంచిలోంచి కొత్త దూది తీసి నాకే ఇచ్చింది. తాను ముట్టుకోనంది. నేనే తుడుచుకున్నాను. ఎడమ బొటనవేలు మూల నుంచి పచ్చగా ఉంది. సబ్బుతో కడిగాను. అలాగే ఉంది.

"కోపంగా ఉందాండి?"

"ఉంది," అన్నాను. నిజంగానే ఉంది. అరవాలన్నంత ఉంది. అయినా అడగాల్సింది ఇంకొకటి ఉండిపోయింది. "ఆ రోజు మేడమీద పూసెయ్ అన్నాను కదా. ఆ సంగతి ఎవరితోనైనా అన్నావా?"

"అయ్యో, మీ పేరెందుకండి? తప్పు నాది కదా," అంది. ఆ మాట నాకు తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

రేపు డాక్టరు దగ్గరికి తోడు వస్తానని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయింది. అరవై మూడు గుమ్మాల్లో ఎక్కడా ఆమె నా పేరు ఎత్తలేదు. అందుకే నేనే చెప్పుకుంటున్నాను. ఆ పూట ఆమె నా మాట వినుంటే, రత్నమాణిక్యం గారికి ఇవాళ ఆ కాలు ఉండేది కాదు.